తూచువాడెక్కని తక్కెడ

మా డోన్‌లో, మా తాతలనాటి మాటలో చెప్పవలెనన్న ద్రోణాచలంలో, రాళ్ళమిషన్ల చప్పుడు తెల్లవారకముందే మొదలగును. బేతంచెర్ల వైపు గనులనుండి లారీలమీద వచ్చిన నాపబండను ఇనుపబల్లమీద పరచి, తిరుగుచున్న కోతచక్రము క్రిందికి మెల్లగా త్రోయుచు, పైనుండి నీళ్ళు వదలుచుండగా, ఆ నీళ్ళలో కలసిన రాతిపొడి విరిగిన పాలవలె కాలువకట్టి వీథిదాక పారును. దినమంతయు ఆ కాలువలోనే నిలిచి పనిచేయు కూలివాని కాలివ్రేళ్ళు నలుబది యేండ్లకే ముసలివాని వ్రేళ్ళవలె ముడుతలు పడి, గోళ్ళసందులలో తెల్లని పొర గట్టిపడి, ఎంత తోమినను పోక యుండును. అక్కడ బండకు అడుగు లెక్కన వెల యున్నది. కోసినదానికి ఒక వెల, నునుపుచేసినదానికి ఒక వెల. ఆ లెక్క అందరును ఎరిగినదే. దానిలో తగవు లేదు. ఆ చక్రముక్రింద రాయికి బదులుగా మనిషి పడినప్పుడు వేయవలసిన లెక్క యేది అను ప్రశ్న నన్ను చాలకాలముగా వెంటాడుచున్నది. అది ఇటీవల సముద్రములు దాటి, అమెరికా చుట్టి, మరల మా ఆదోని మీదుగా నా యింటికే వచ్చినది.

2023 జనవరి 23వ తేదీ రాత్రి, ఆదోని నుండి పై చదువులకై పోయిన ఇరువదిమూడేండ్ల పిల్ల సియాటిల్ నగరంలో, నడచువారికొరకు గీచిన గీతలమీద వీథి దాటుచుండగా, ఆపదలోనున్న మరియొకనిని కాపాడుటకని పరుగెత్తుచున్న పోలీసుకారు ఆమెను ఢీకొని చంపినది. గంటకు 25 మైళ్ళు దాటరాదని నియమమున్న ఆ వీథిలో ఆ కారు 74 మైళ్ళ వేగముదాక పోయినదని విచారణలో తేలినది. అది ప్రమాదమే, ఒక ప్రాణమును రక్షింపబోవుచు మరియొక ప్రాణమును తీసిన దురదృష్టమనియే మొదట అందరును అనుకొన్నారు. కాని ఆ రాత్రి అక్కడికి పంపబడిన మరియొక పోలీసు అధికారి తన సహచరునితో ఫోనులో మాటలాడుచు, ఆమె విలువ పరిమితమేననియు, పదకొండువేల డాలర్లకు ఒక చెక్కు వ్రాసిన చాలుననియు నవ్వుచు అన్న మాటలు అతని రొమ్మునకే తగిలించుకొనియున్న కెమెరాలో నిలిచిపోయి, ఆ సెప్టెంబరులో లోకమంతయు విన్నది. ఆమెకు ఇరువదియారేండ్లని కూడ అతడన్నాడు. వెల కట్టినవానికి వయస్సైనను సరిగా తెలియదు.

నగరము తరఫు న్యాయవాదులు ఇట్టి మరణముల విషయమున ఎట్లు బేరమాడుదురో దానినే తాను పరిహాసముగా అనుకరించితినని ఆ అధికారి పిమ్మట సమాధానము చెప్పుకొన్నాడు. ఆ సమాధానమును చాలమంది సాకుగా త్రోసివేసినారు. నాకు మాత్రము ఆ సమాధానమే నవ్వుకంటె ఎక్కువ భయము కలిగించినది. ఏలయనగా, అనుకరించుటకు ముందుగా అసలొకటి యుండవలెను. ఒక క్రూరుడు క్రూరముగా మాటలాడినాడన్నచో వానిని శిక్షించి ఊరకుండవచ్చును. ఆ నగరము అతనిని 2024లో ఉద్యోగమునుండి తొలగించినది కూడ. కాని చదువుకొన్న, మర్యాదస్థులైన, ఎవరిమీదను పగలేని మనుషులు కార్యాలయములలో కూర్చుండి ప్రతిదినము చేయు ఒక గణితమునే అతడు మోటుగా పైకి పలికినాడన్నచో, అప్పుడు తొలగించవలసినది ఎవరిని?

మన భాషలో వెల అనియు, విలువ అనియు రెండు మాటలున్నవి. బండకు వెల, మనిషికి విలువ అని మనము సులభముగా విడదీసి మాటలాడుదుము. కాని ప్రాచీనమైన మన తెలుగులో విలుచుట యనగా కొనుటయే. మానవునిలోని ఔన్నత్యమును చెప్పుటకు మనము వాడుకొన్న మాటయే అంగడిలో పుట్టినది. 1785లో జర్మను తత్త్వవేత్త కాంటు, లోకములోని ప్రతి వస్తువునకు వెలయో, గౌరవమో ఒకటి యుండుననియు, దేనికి బదులుగా మరియొకటి పెట్టవచ్చునో దానికి వెల యుండుననియు, దేనికి బదులు లేదో దానికి గౌరవమే యుండుననియు వివరించినాడు. ఆ విభజన చక్కనిదే. కాని కాంటు చెప్పనిది, మన తెలుగుమాట చెప్పుచున్నది ఒకటున్నది: ఈ రెంటి నడుమ గోడ లేదు, ఒక సన్నని గీత మాత్రమున్నది, దానిని దాటివచ్చుట మనుష్యులకు నిత్యాభ్యాసము.

నేనును దాటినవాడనే. బడిలో పాఠములు చెప్పుకొనుచున్న కాలమున, నా యెరుకలో ఒక రాళ్ళమిషనులో ఒక చిన్నవాడు చనిపోయినాడు. పెద్దమనుషులు వేపచెట్టుక్రింద కూర్చుండి రాజీ చేసినారు. యజమాని తరఫువారు ఒక మొత్తమన్నారు, పిల్లవాని మేనమామ ఒక మొత్తమన్నాడు, సాయంత్రమునకు నడుమనొక మొత్తము కుదిరినది. దస్తూరి బాగుండునని కాగితము నాచేత వ్రాయించినారు. ఆ మొత్తమును నేను అంకెలలో వ్రాసి, అక్షరములలో వ్రాసి, చివరన "ముట్టినది" అనుచోట మరల వ్రాసితిని. ఇకమీదట ఎట్టి దావాయు లేదని వ్రాసితిని. తల్లి వచ్చి బొటనవ్రేలు నొక్కి, ఆ ఊదారంగు సిరాను కొంగుకు తుడుచుకొని, ఆ మరక కొంగున కనబడగా దానిని మడిచి లోనికి దోపుకొన్నది. నేను అప్పుడు మంచిపనియే చేసితిననుకొంటిని. కోర్టుకు పోయిన ఆమెకు ఏండ్లు పట్టును, వకీలు ఫీజులకే సగము పోవునని అందరును అన్నమాట అబద్ధమును కాదు. ఆ డబ్బుతో ఆమె అప్పు తీరినది. కనుక పరిహారము ఇయ్యరాదని నేను వాదించుట లేదు. చచ్చినవారికి వెలకట్టుట పాపమని పలికి బ్రతికియున్నవారి కంచములోని కూడు తీసివేయు వేదాంతము నాకు అసహ్యము.

ఈ ప్రశ్న మన ధర్మశాస్త్రములకు క్రొత్తది కాదు. తెలుగుదేశమున అనేక బ్రాహ్మణకుటుంబములు నేటికిని అనుసరించు ఆపస్తంబుని ధర్మసూత్రములు చూడుడు. క్షత్రియుని చంపినవాడు వేయి గోవులను, వైశ్యుని చంపినవాడు నూరు గోవులను, శూద్రుని చంపినవాడు పది గోవులను ఇయ్యవలెనని అందు విధింపబడినది. సియాటిల్ పోలీసు నవ్వును చూచి అమెరికామీద కారాలు మిరియాలు నూరు మనవారు ఈ వేయి, నూరు, పది అను సోపానమును ఒకసారి నెమ్మదిగా ఎక్కి దిగవలెను. పరిమిత విలువ అను మాట ఇంగ్లీషువాని సొత్తు కాదు. అయితే ఆ సూత్రములోనే నన్ను ఆపివేసిన మరియొక మాట యున్నది. గోవులు వైరము తీరుటకు. ప్రతి సందర్భమునను అదనముగా ఇయ్యవలసిన ఒక ఎద్దు ప్రాయశ్చిత్తమునకు. గోవుల సంఖ్య చచ్చినవాని వర్ణమును బట్టి మారినది. ఎద్దు మాత్రము మారలేదు, మూడు చోట్లను ఒక్కటే. ఇక బ్రాహ్మణుని చంపినవానికి పశువుల లెక్కయే లేదు: అడవిలో గుడిసె కట్టుకొని, కపాలమును ధ్వజముగా పట్టుకొని, తన పాపమును తానే చాటుకొనుచు భిక్షమెత్తి బ్రతుకవలెను. అనగా, అమూల్యుడని తలచినవాని విషయమున శాస్త్రము వెల అడుగలేదు, హంతకునినే అడిగినది.

వర్ణభేదమును నేను సమర్థించుట లేదు. ఆ సోపానము కూలిపోవలసినదే. కాని దానిని కూల్చువారు సాధారణముగా కోరునది అందరికిని వేయి గోవులని. నేను కోరునది వేరు. అందరి విషయమునను ఆ కపాలధ్వజము.

అమెరికాలో ఈ సోపానము వేరొక రాతితో కట్టబడినది. 1776లో మనుష్యులందరును సమానులుగా సృష్టింపబడిరని ప్రకటించిన ఆ దేశమే, 1787 రాజ్యాంగములో ప్రాతినిధ్యమును లెక్కించుటకు బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా గణించినది. అంతర్యుద్ధానంతరము 1868లో వచ్చిన పదునాల్గవ సవరణ ఆ భిన్నమును చెరిపివేసినది. కాని భిన్నములు రాజ్యాంగమునుండి పోయినను చిన్న చిన్న శాసనములలో తలదాచుకొనును. ఆదోని పిల్ల చనిపోయిన వాషింగ్టను రాష్ట్రమునందే, 1909నాటి ఒక శాసనము ప్రకారము, పెండ్లికాని, సంతానము లేని పెద్దపిల్లలు అన్యాయముగా చనిపోయినప్పుడు వారి తల్లిదండ్రులు అమెరికాలో నివసించుచు, వారిమీద ఆధారపడి బ్రతుకుచున్నవారైననే దావా వేయగలిగెడివారు. ఎక్కడో చైనాలోనో, ఆదోనిలోనో కూర్చున్న తల్లి తల్లి కాదు. నూరేండ్లకు పైగా ఆ మాట అట్లే నిలిచినది. 2015 సెప్టెంబరు 24న సియాటిల్‌లోని అరోరా వంతెనమీద, నీటను నేలను నడచు యాత్రికుల బండి ఒకటి బస్సును ఢీకొని అయిదుగురు కళాశాల విద్యార్థులు, అందు పలువురు పరదేశపు పిల్లలు, చనిపోయిన పిమ్మట అక్కడి పౌరులలో పలువురికి ఆ శాసనము కంటబడినది. వారు పోరాడి 2019లో దానిని సవరింపజేసినారు. ఆ సవరణ రాకయుండినచో, మా ఆదోని పిల్లను కన్నవారికి న్యాయస్థానపు గడప తొక్కు హక్కే యుండెడిది కాదు. ఆమె ముఖమెరుగని జనము, మరెవరో పిల్లలకొరకు చేసిన ఉద్యమము, ఆమె పోకముందే ఆమెకొక ద్వారము తెరచినది. అమెరికాను నిందించునప్పుడు నేను దీనిని మరువను.

ఆ దేశపు సంపదలో మూడవవంతునకు కొంచెము తక్కువగా నూటికొక్కరి చేతిలో నున్నది. క్రింది సగము జనాభా చేతిలోనున్నది నూటికి మూడుపాళ్ళైనను కాదు. గంటకు ఏడుంబావు డాలర్లని 2009లో నిలిపిన జాతీయ కనీసవేతనము అప్పటినుండి కదలలేదు. ఈ అంకెలు ఆర్థికశాస్త్రమునకు సంబంధించినవని మనము అనుకొందుము. కాని మనిషి మరణమునకు పరిహారమును అతని సంపాదన ననుసరించి లెక్కించు విధానమున్నచోట ఈ అంకెలు తిన్నగా శ్మశానమునకు నడచివచ్చును. 2001 సెప్టెంబరు 11 దాడులలో చనిపోయినవారి కుటుంబములకు పరిహారము పంచుటకు నియమితుడైన కెన్నెత్ ఫైన్‌బర్గ్ అను న్యాయవాది, చట్టము విధించినట్లే ప్రతివాని భవిష్యదార్జనను లెక్కకట్టినాడు. ఒకే ఉదయమున, ఒకే భవనములో, ఒకే పొగలో ఊపిరాడక పోయినవారిలో ఒకరి ప్రాణమునకు రెండున్నర లక్షల డాలర్లు, మరియొకరి ప్రాణమునకు డెబ్బది లక్షలకు పైన. ఆ పని ముగించినపిదప ఆయన మనస్సు మారినది. అందరికిని సమానముగా ఇచ్చియుండవలసినదని బహిరంగముగా చెప్పినాడు. 2007లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమున 32 మంది కాల్పులలో చనిపోయినప్పుడు పంపకము మరల ఆయన చేతికే రాగా, ఆచార్యుడని విద్యార్థియని చూడక మృతుల కుటుంబములన్నింటికి ఒకే మొత్తము ఇప్పించినాడు. తాను పట్టుకొన్న తక్కెడ తప్పని ఒప్పుకొన్న ఆ ఒక్క మనిషి నాకు ఆ దేశపు ధర్మవేత్తలలో ఒకడుగా తోచును.

మన దేశములోను లెక్క ఇట్టిదే. 1923నాటి కార్మిక పరిహారచట్టము, పిమ్మటి సవరణలతో, మృతుని నెలజీతములో సగమును వయస్సునకు తగిన గుణకముతో హెచ్చించుమన్నది. రోడ్డు ప్రమాదములలో చనిపోయినవాడు బ్రహ్మచారియైనచో వాని సంపాదనలో సగము వాడే తినివేసియుండెడివాడని తీసివేసి మిగిలినది లెక్కింపుమని 2009లో సుప్రీంకోర్టు సూత్రీకరించినది. అమెరికా కంపెనీ విషవాయువు 1984లో భోపాల్ వీథులను శవములతో నింపినప్పుడు, ఆ దావాను 1986లో న్యూయార్కు న్యాయమూర్తి మన దేశమునకే త్రిప్పి పంపగా, 1989లో మొత్తము 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. ఆ రాజీకాగితమును నేను చూడలేదు. కాని దానిలో మొత్తము ఎన్నిమార్లు వ్రాయబడియుండునో ఊహింపగలను.

మా సీమలో హరిశ్చంద్ర నాటకమన్న తెల్లవార్లును కూర్చుండి చూతురు. కాటిసీను వచ్చుసరికి, హరిశ్చంద్రుడు జాషువా పద్యములనెత్తుకొని, రాజును కవియు పేదయు ఒకే మట్టిలో కలియు ఆ చోటును వర్ణించుచుండగా, హార్మోనియం మోగుచుండగా, చాప మీద కూర్చున్న ముసలమ్మలు కండ్లొత్తుకొందురు. శ్మశానమున అందరును సమానులను మాట మా జనమునకు ప్రాణము. ఆ నమ్మకము ఎంత గాఢమో, ఆ సమానత్వమును కాటినుండి ఒక్క అడుగు ఇవతలకు, కోర్టు గుమ్మముదాక, తెచ్చుకొనవలెనను కోరిక అంత పలుచన. ఇది నాకు తీరని దుఃఖము.

ప్రాణమునకు తక్కెడపట్టుట ప్రభుత్వపు విధానముగా మారినప్పుడు ఏమగునో మా సీమకు చెప్పనక్కరలేదు. 1876-78 నాటి కరవును మావారు ధాతకరువందురు. సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో మద్రాసు రాజధానికి వచ్చి, కరవుపనులలో రాళ్ళుకొట్టు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని ఆజ్ఞాపించినాడు. అతడు దుర్మార్గుడు కాడు. ఖజానా మేలు కోరినవాడు. శరీరము కూలిపోకుండ నిలుచుటకు ఎంత కావలెనో అంతకు మించి ఒక గింజ పోరాదను పొదుపరి. శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ ఆ కొలతతో మనుష్యులు చచ్చుచున్నారని పోరాడి, కొన్ని నెలలకు దానిని కొంత పెంచించినాడు. ఆలోపల జరుగవలసినది జరిగినది. 1871 జనాభాలెక్కలకును 1881 లెక్కలకును నడుమ కర్నూలు జిల్లా జనము నాలుగవవంతు తరిగిపోయినది. దానికి పదేండ్లు ముందు, 1866 కరవులో, ఇదే సీమలో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు విప్పి ఆకలిగొన్నవారికి అన్నము పెట్టినాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారుపతకము పంపినది. పతకమును తూచవచ్చును. ఆ అన్నమును ఆయన తూచలేదు, ఆయన పాట పాడుకొనువారును ఇప్పటికి తూచలేదు.

ఈ ఆలోచనలన్నియు తిరిగి తిరిగి నన్ను భారతములోని శిబిచక్రవర్తి కథవద్దకు చేర్చును. డేగ తరిమిన పావురము రాజు తొడమీద వ్రాలినది. నా ఆహారము నాకిమ్మని డేగ అడిగినది. దాని వాదమును న్యాయమే. పావురపు ఎత్తు మాంసము తన దేహమునుండి కోసి యిచ్చుటకు రాజొప్పుకొని తక్కెడ తెప్పించినాడు. ఎంత కోసి వేసినను పావురమే మొగ్గినది. ఈ కథను మనము త్యాగమునకు ఉదాహరణముగా చిన్నప్పటినుండి వినుచున్నాము. నాకు మాత్రము ఇది తక్కెడను గురించిన కథగా తోచుచున్నది. పావురమెంత, దాని బరువెంత? తక్కెడ అబద్ధమాడలేదు, ప్రాణము తూకమునకు లొంగదని చెప్పినది. అప్పుడు శిబి చేసినదేమి? తూచుట మానలేదు, బేరము పెంచలేదు. తానే లేచి పళ్ళెములో కూర్చున్నాడు. లోకములో నేను ఎరిగిన తక్కెడలన్నింటిలోను తూచువాడు ఎక్కినది ఆ ఒక్కటియే.

టెంపుల్ తన పౌను ధాన్యముమీద ఒక వారము బ్రతికి చూడలేదు. సియాటిల్‌లో ఆ కారు నడిపినవాని నేరము విచారణకు రాదని 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రాసిక్యూటరు నిర్ణయించినది. అజాగ్రత్తగా నడిపినందుకు అయిదువేల డాలర్ల జరిమానా మాత్రము పడినది. పరిహారమును ఒకరికి బదులు మరియొకరు చెల్లింపవచ్చును. నగరపు ఖజానా చెల్లించును, బీమా కంపెనీ చెల్లించును, మిషను యజమానికి ఆతని బావమరది చేబదులిచ్చును. ప్రాయశ్చిత్తమునకు అట్టి వీలు లేదు. ఆపస్తంబుని గోవులను ఎవరి మందనుండియైనను తోలుకొని రావచ్చును గాని, ఆ కపాలధ్వజమును చంపినచేయియే మోయవలెను. నేటి న్యాయము, అక్కడను ఇక్కడను, మొదటిదానిని అంతకంతకు నేర్పుతో నిర్వహించుచు, రెండవదానిని లెక్కపుస్తకమునుండి పూర్తిగా కొట్టివేసినది. ధనవంతుడు న్యాయమును కొనుచున్నాడని మనము మొరపెట్టుదుము. కొనుటకు వీలైన రూపమున దానిని అమ్మకమునకు పెట్టినవారము మనమే. ఎక్కువ డబ్బున్నవానికి పరిహారము సుంకమువంటిది. కట్టి ముందుకు సాగిపోవును. తలవంచి ఆ తల్లి ఎదుట నిలుచుట ఒక్కటియే ధనికునికిని పేదవానికిని ఒకే బరువు. ఆ రాజీదినమున యజమాని వేపచెట్టువద్దకు రాలేదు. రమ్మని ఎవరును అడుగలేదు. కాగితము వ్రాయుచున్న నేనును అడుగలేదు.

కొన్నేండ్లకు పిదప ఒక సాయంత్రము ఆ తల్లి మా యింటికి వచ్చినది. కాగితమును ప్లాస్టికు సంచిలో మడిచి, దానిపై గుడ్డ చుట్టి, భద్రముగా తెచ్చినది. డబ్బు చాలలేదని అడుగ వచ్చినదేమోనని నా మనస్సు కుంచించుకొన్నది. ఆమె కాగితము నా ముందు పరచి, "నాకు సదువు రాదు గదా సారూ, దీంట్లో మా అబ్బోని పేరు యాడుందో సూపీ" అన్నది. కండ్లద్దాలు పెట్టుకొని చూచితిని. మొత్తము మూడుచోట్ల కనబడినది. పిల్లవాని పేరు మొదటి పంక్తిలో ఒక్కసారి వ్రాసి, ఆ తరువాత అంతటను మృతుడనియే వ్రాసియుంటిని. ఆమె వ్రేలు పట్టుకొని ఆ ఒక్కచోట పెట్టితిని. రాతిపనివల్ల ఆమె వ్రేళ్ళును గరుకుదేరియున్నవి. అక్షరములను చెరపకుండ మెల్లగా ఒకసారి ఆ చివరనుండి ఈ చివరకు తడిమి, "ఇంతేనా?" అన్నది.